అప్పు తెచ్చింది నేను, తీర్చిందీ నేనే

ఆ రోజు పొద్దున్న మా ఆయన చెప్పులు కాళ్ళకి పట్టలేదు. కొత్త జత కొనిస్తాను పదండి అన్నాను వేళాకోళంగా. ఆయన నవ్వలేదు. చూస్తే పాదాలు పొంగిపోయి ఉన్నాయి, వేలితో నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది.

మేం ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో ఉంటాం. ఆయన డాక్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సరుకు లెక్క రాసేవారు. నేను భవానీపూర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు టైపిస్టుగా చేశాను. మా ఇంట్లో పీఎఫ్, గ్రాట్యుటీ ఉన్నది నాకొక్కదానికే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. రిటైరవగానే ఆ డబ్బుతో మేం అద్దెకుంటున్న గదినే కొనుక్కోవాలనుకున్నాను. ఇంటి ఓనరు కూడా సరేనన్నాడు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ చాలా ఎక్కువ వచ్చింది. డాక్టరుగారు రిపోర్టు చూసి, "రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ వెంటనే మొదలుపెట్టాలి" అన్నారు. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాను. పదకొండు రోజులు ఐసీయూ, తర్వాత డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతికి ఫిస్టులా ఆపరేషను. నా గాజులు తాకట్టుకి వెళ్ళాయి. అవీ చాలకపోతే ఆయన పాత స్నేహితుడు అప్పలస్వామి దగ్గరికీ, డాక్‌లో పనిచేసే ఇంకో ముగ్గురి దగ్గరికీ వెళ్ళి అప్పు అడిగాను. ఎవరూ కాదనలేదు. అడిగింది నేనని మాత్రం ఆయనకు చెప్పలేదు, ఆయన మీది నమ్మకంతో వాళ్ళే తెచ్చిచ్చారన్నాను. మగాడి మనసు నొచ్చుకుంటుందని దాచాను. అక్కడే తప్పు చేశాను.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి రెండు డయాలసిస్‌లు కుదిరాయి. నేను ఆఫీసుకి వెళ్తే ఆయన ఒక్కరే బస్సులో ఆసుపత్రికి వెళ్ళేవారు. నా రిటైర్మెంట్ ఇంకో నెల ఉందనగా, ఒక మధ్యాహ్నం అక్కడి బెంగాలీ టెక్నీషియన్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. నన్ను వదినా, ఆయన్ని అన్నా అన్నట్టు బౌదీ, దాదా అంటాడు.

"బౌదీ, దాదా రెండుసార్లుగా రావట్లేదేం? ప్రాణం మీదికొస్తుంది."

ఆ రెండు రోజులూ ఆయన, సూది గుచ్చిన చోట వేసే ప్లాస్టరు చేతికి ఉండగానే ఇంటికొచ్చారు మరి. పరుగున వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఊపిరందక పెనుగులాడుతున్నారు. టాక్సీలో తీసుకెళ్ళి మిషను ఎక్కించాం. "ఇంకొక్క రోజు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నారు డ్యూటీ డాక్టరు.

మర్నాడు వార్డులో నిలదీశాను. ప్లాస్టరు మందుల షాపులో కొని తనే అంటించుకున్నారట. డయాలసిస్‌కి పట్టే ఆ నాలుగేసి గంటలూ ఖిదిర్‌పూర్‌లో ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నారట.

"డాక్‌లో మనోళ్ళ పద్ధతి నీకు తెల్దేటి?" అన్నారు. "మడిసి పోతే ఆడి బాకీ పెళ్ళాన్ని అడగరు. నాను పోతే నీ డబ్బులు నీకుంటాయి. గది కొనుక్కుంటావు."

ఏడుపొచ్చింది. దానికంటే ముందు ఒళ్ళు మండింది.

"బాకీ మీదేటి? నలుగురి గుమ్మాలూ ఎక్కి అడిగింది నాను. మీరు పోయినా పైసలతో సహా కట్టేది నానే. గది ఎలాగూ రాదు. మరింక పోయి ఏటి సేత్తారు?"

ఆయన "అయితే మళ్ళీ మిషనెప్పుడు?" అని అడిగారు.

రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన వారంలోనే ఆయన్ని వెంటబెట్టుకుని నలుగురి ఇళ్ళకీ వెళ్ళాను. అప్పలస్వామి, "తొందరేటి సెల్లెమ్మా, ఉంచు" అన్నాడు. "నాకు తొందరే అన్నయ్యా" అని చేతిలో పెట్టేశాను. గాజులు విడిపించుకున్నాను. గది వేరేవాళ్ళు కొనుక్కున్నారు, ఇప్పుడు వాళ్ళకే అద్దె కడుతున్నాం. బాధ లేదంటే అబద్ధం. వాళ్ళ రిజిస్ట్రేషన్ రోజున నాకు అన్నం సయించలేదు. కానీ నా వేళ్ళు సంపాదించిన డబ్బుతో నా మొగుణ్ణి దక్కించుకున్నాను, ఎవరి ముందూ తల దించుకోలేదు. ఆ గర్వం నాకుంది, ఉండనివ్వండి.

ఇప్పుడు ఆసుపత్రికి ఇద్దరం కలిసే వెళ్తాం. ఆయన నీళ్ళు కొలిచి తాగుతారు, కూరలో ఉప్పు లేదని నన్ను సాధిస్తారు. మిగిలిన కాస్త డబ్బు పోస్టాఫీసులో వేశాను. మందులకి గడుస్తోంది.

ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను. ఎంత అప్పయింది, ఎవరు తెచ్చారు, దేంతో తీరుస్తారు, ఇవన్నీ ముందు ఆ మనిషికే చెప్పండి. మనం దాస్తే తనలో తనే లెక్క కట్టుకుంటాడు. మా ఆయన కట్టిన లెక్కలో నాకు గది మిగిలింది, ఆయన మిగల్లేదు.