సరోజత్త పెట్టిన కూలి సంకటి

నిన్న పొద్దున తమ్ముడి ఫోన్. "సరోజత్త పొయ్యిందక్కా."

ఏ సరోజత్తరా అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

కడత్తూరు వైపు మావాళ్లకు ఈ సంగతి తెలుసు. హోసూరు ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను.

నా చిన్నప్పుడు పొలం గట్టు దగ్గర మా నాన్నకూ సరోజత్త భర్తకూ గొడవ. నాన్న పారతో కొట్టాడు. మామ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. నాన్న సేలం జైలుకు వెళ్లాడు.

ఆవులు లాయరుకు పోయాయి. అమ్మ కూలి సేలం బస్సులకు పోయింది. మధ్యాహ్నం స్కూల్లో భోజనం ఉండేది కాబట్టి సరిపోయింది, పొద్దున మాత్రం పొయ్యి వెలిగేది కాదు. ఇంక చదివింది చాలు, తిరుప్పూరు మిల్లుకు పో అని అమ్మ నాతో అనేసింది.

గొడవపడ్డ ఇళ్ల మధ్య మావాళ్లలో మంచినీళ్లు కూడా ఇచ్చిపుచ్చుకోరు.

మరి ఈవిడ ఏం చేసిందంటే...

వాళ్లది చింతపండు వ్యాపారం. గింజ తీసే కూలివాళ్లకు ఆ ఇంటివాళ్లే తిండి పెట్టాలి. అది పద్ధతి. ఒకరోజు వీధిలో నిలబడి, పని ఉంది, పిల్లల్ని పంపు అని అమ్మను కేకేసింది. అమ్మకు ఒళ్లు మండింది. అయినా పంపింది.

నేనూ తమ్ముడూ గుప్పెడు గింజలు తీశామో లేదో, చేట లాగేసుకుంది! రెండు పళ్లాల్లో వేడి రాగిసంకటి, పప్పు. నాకు రోషం. ముట్టలేదు.

"ఊరికే పెట్టలే పాపా. పని చేసినావు, తిను. తినేసి ఇస్కూలుకు పో."

నాన్న వచ్చేదాకా రోజూ అంతే పని, అంతే తిండి. గింజ సరిగా తీయకపోతే తిట్టేది కూడా, మహా గట్టి నోరు. నేను మిల్లుకు పోలేదు. ప్లస్ టూ పాసయ్యాను. ఇవాళ బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని ఇది టైప్ చేస్తున్నానంటే ఆ సంకటి వల్లే.

నిన్న నేను ఊరు చేరేసరికి నాన్న అత్తావాళ్ల వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. జైలు నుంచి వచ్చాక ఇన్నేళ్లూ ఆ గడప తొక్కలేదు.

లోపల అందరూ, శవాన్ని ఎత్తే ముందు మావాళ్ల పద్ధతి ప్రకారం, అత్త నోట్లో చివరి బియ్యం వేస్తున్నారు. మామ లేచి వీధిలోకి వచ్చాడు. ఎడమచేత్తో బియ్యం గిన్నె నాన్న ముందు పట్టాడు.

"నీ పిల్లోళ్లకు కూడు పెట్టింది. వచ్చి నువ్వూ వేసిపో."

నాన్న లోపలికి వెళ్లి వేశాడు.

తెలుగు చదవడం రాని మావాళ్లకు ఎవరైనా ఇది చదివి వినిపించండి.

పోయిరా అత్తా. అక్కడైనా ఎవరికీ వడ్డించకుండా, నీ పళ్లెం ముందు కూర్చుని నిమ్మళంగా తిను.