నలభై ముగ్గురికీ అయిదేసి నక్షత్రాలు

ఆ రోజు ఉదయం నరసాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని నలభై ముగ్గురికి అబద్ధం చెప్పాను. గంటలోపే అయిపోయింది. బొమ్మ తెరవడం, దాని కింద ఉన్న అయిదు నక్షత్రాలూ నొక్కడం, "వెరీ గుడ్ సర్" అని టైపు చేయడం, తర్వాతి బొమ్మకు వెళ్ళడం. సెంటర్ నడిపే ఆవిడ నా వెనక నిలబడి చూసి, "ఏంటండీ, పెళ్ళి భోజనాల్లో బూరెలు వడ్డించినట్టు వరసన వేసుకుపోతున్నారు?" అంది.

"పాపం, అంత దూరం నుంచి పంపించారు కదండీ" అన్నాను. ఆ జవాబు అప్పుడు నాకు మంచితనంలాగే వినిపించింది.

మా ఊళ్ళలో ఫ్లెక్సీ బోర్డులు కొత్తగా వస్తున్న రోజులవి. నేను ఒక హైస్కూల్లో గుమాస్తాను. సాయంత్రాలు మొగల్తూరు వైపు లేసు అల్లే ఆడవాళ్ళ సంఘానికి కాగితాల పని చూసేవాణ్ణి. సరుకు పైదేశాలకు పంపే కాకినాడ వ్యాపారి ఒకాయన, ప్యాకెట్ల మీద మీదంటూ ఒక గుర్తు ఉండాలి, లోగో చేయించుకోండి అన్నాడు. ఒకరి చేత చేయిస్తే ఇంకొకరు ఏమనుకుంటారోనని నాకు భయం. అందుకని ఇంటర్నెట్లో పోటీ పెట్టాను. వెబ్‌సైటులో మనకేం కావాలో రాస్తే ఎక్కడెక్కడివాళ్ళో బొమ్మలు గీసి పంపుతారు. ఒక్కోదానికి మనం ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇవ్వాలి. తక్కువ వచ్చినవాళ్ళు మానుకుంటారు, ఎక్కువ వచ్చినవాళ్ళు దిద్ది మళ్ళీ పంపుతారు. పదో రోజున ఒకరిని ఎంచుకోవాలి. బహుమతి ఆ ఒక్కరికే.

మా అత్తగారింట్లో మాడిపోయిన ఉప్మాని బాగుందని చెప్పి రెండోసారి వడ్డించుకున్నవాణ్ణి నేను. అలాంటివాడి చేతికి నక్షత్రాలు ఇచ్చారు.

పోటీ ప్రకటన కూడా శుభలేఖలా రాశాను. తామెల్లరూ సకుటుంబంగా విచ్చేసి డిజైన్లు సమర్పించ ప్రార్థన అన్న మాటల్ని ఎలాగో ఇంగ్లీషులోకి దించాను. ఫిలిప్పీన్స్ నుంచి ఒకాయన, మా ఇంట్లో ముగ్గురం గీస్తాం, ముగ్గురమూ పంపొచ్చా అని అడిగాడు. తప్పకుండా రండి అన్నాను.

అందరికీ అయిదు వచ్చాయి కాబట్టి ఎవరూ మానుకోలేదు. నాలుగో రోజుకి సాలెగూళ్ళు, మంచు రేకులు, చేపల వలలు వచ్చాయి, ఎందుకో తెలియదు గానీ గడ్డమున్న ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. బొమ్మలో ఏం మార్చమంటారని అందరూ అడిగేవారు. ఏమీ అక్కర్లేదండి, ఇంకాస్త చూడండి అని అందరికీ రాసేవాణ్ణి. వాళ్ళు ఇంకాస్త చూసేవారు.

వాళ్ళలో ఒక్కాయన మాత్రం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. నిడదవోలులో బోర్డులు రాసే ఆర్టిస్టు. ఫ్లెక్సీలొచ్చి చేతిరాత బోర్డులు అడిగేవాళ్ళు తగ్గిపోతే, నలభై దాటాక డీటీపీ సెంటర్లో కంప్యూటరు నేర్చుకున్నాడట. మొదటి బొమ్మలో లేసు అల్లుతున్న స్త్రీ, ఆమె వెనక గోదావరి వంతెన, వంతెన మీద రైలు. అదంతా బొటనవేలంత కాగితమ్ముక్క మీద పట్టాలి. అయిదు నక్షత్రాలు ఇచ్చాను. రెండోసారి రైలుకి పొగ కలిపాడు. అయిదు. తర్వాత రెండు హంసలు, పడవ, చర్చి, గోపురం, అస్తమించే సూర్యుడు వచ్చి చేరాయి. అలా పదిహేడు సార్లు పంపాడు. పదిహేడు సార్లూ అయిదే.

తొమ్మిదో రోజున కాగితాల మీద అచ్చు తీసిన బొమ్మలన్నీ సంఘానికి పట్టుకెళ్ళాను. ప్రెసిడెంటు గారు ముప్ఫై ఏళ్ళుగా లేసు అల్లుతున్న పెద్దావిడ. ఒక్కో బొమ్మ కింద గీసినవాళ్ళు రాసింది నేను చదివి వినిపించబోతుంటే ఆపేసింది.

"చూస్తే ఏం తెలుస్తుంది గుమాస్తా గారూ? అల్లి చూడాలి."

మా సంఘంలో ఏ కొత్త నమూనా వచ్చినా పద్ధతి అదే. తలా కొన్ని కాగితాలు పంచుకుని సూదులు తీశారు. సాలెగూళ్ళు పట్టుకున్నావిడ, "ఇంట్లో ఉన్నవే దులపలేక చస్తున్నాం, మళ్ళీ ప్యాకెట్టు మీద కూడానా?" అని పక్కన పడేసింది. ఫిలిప్పీన్స్ ఇంట్లో చిన్నమ్మాయి పంపింది ఒకే దారంతో వేసిన మూడు చుట్లు. టీ చల్లారేలోపు ప్రెసిడెంటు గారి చేతిలో తయారైంది. అందరూ అదే ఖాయం చేద్దామన్నారు. నిడదవోలు బొమ్మ తీసుకున్నావిడ మాత్రం మర్నాటికి కూడా వంతెన రెండో కమాను దగ్గరే ఉంది. "లోగో సంగతి తెలీదు గానీ, టేబుల్ క్లాత్ అవుతుందండి" అంది.

పదో రోజున విజేతను నొక్కుదామని ఇంటర్నెట్ సెంటర్‌కి వెళితే నిడదవోలు ఆర్టిస్టు ఉత్తరం ఉంది. "మీ పదిహేడు అయిదులూ చూసి ధైర్యం వచ్చిందండి. షాపు ఖాళీ చేస్తానని ఓనరు గారికి చెప్పేసేను. బ్రష్షులు ఎవరికన్నా ఇచ్చేసి ఇక కంప్యూటరు మీదే బతుకుతాను."

నేను నొక్కగానే ఫలితం అందరికీ వెళ్ళిపోతుంది. ఆయనకి ఆ మాట కంప్యూటరు చెప్పకూడదు, నేనే చెప్పాలి అనుకున్నాను. నొక్కకుండా లేచి నిడదవోలు రైలెక్కాను.

షాపులో ఆయన రంగు డబ్బాలు సర్దుతున్నాడు. నేనెవరో చెప్పగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మీ బొమ్మ ఎంపిక కాలేదండి" అన్నాను.

"ఆయ్. మరి పదిహేడు సార్లు అయిదిచ్చేరు?"

"అందరికీ ఇచ్చానండి. నలభై ముగ్గురికీ."

ఆయన లేచి లోపలికెళ్ళాడు. తర్వాత తన బొమ్మల కాగితాలన్నీ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "ఇప్పుడెయ్యండి. నా మొహం చూసి ఎయ్యండి."

వేశాను. మొదటిదానికి రెండు. హంసలున్నదానికి ఒకటి. గోపురం, చర్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్న బొమ్మకి కూడా ఒకటి. పదకొండో బొమ్మలో సంఘం పేరు తెలుగులో ఉంది. ఆ అక్షరాలు మాత్రం చేత్తో రాసి స్కాన్ చేశాడు. వాటికి అయిదు వేశాను.

"ఇది నిజమేనా, మళ్ళీ మర్యాదా?"

"మీ టీలో పంచదార ఎక్కువైందండి. ఇప్పుడు నమ్ముతారా?"

నవ్వాడు గానీ కళ్ళు షాపు గోడల మీదే ఉన్నాయి. షాపు ఖాళీ చెయ్యట్లేదని చెప్పడానికి ఇద్దరం ఓనరు గారింటికి వెళ్ళాం. ఆయన తల పట్టుకున్నాడు. "ఫ్లెక్సీ మిషనాయన షాపు అడిగితే సరేనన్నానండి. సెల్లు రీచార్జీల ఆయన అడిగితే ఆయనకీ సరేనన్నాను. కాదంటే బాగుండదు కదండీ."

నా జబ్బే ఆయనకీ ఉంది. ఆ ఇద్దరికీ నేనే చెబుతానన్నాను. దారిపొడవునా "కుదరదండి" అని లోపల్లోపల వల్లించుకుంటూ వెళ్ళాను. రీచార్జీల ఆయన గంటసేపు తిట్టాడు, నిలబడి విన్నాను. ఫ్లెక్సీ ఆయన నా మాట పూర్తి కాకముందే చేతులు పట్టుకున్నాడు. "బతికించారండీ. నేను స్టేషన్ దగ్గర ఇంకో షాపు మాట్లాడేసుకున్నాను. ఓనరు గారికి ఎలా చెప్పాలో తెలీక వారం నుంచి ఈ వీధిలోకే రావట్లేదు."

షాపు ఆర్టిస్టు గారికే మిగిలింది. మా సంఘం బోర్డు ఆయన చేతే రాయించాం. మూడు చుట్ల కింద ఆ పదకొండో బొమ్మ అక్షరాలే.

నిడదవోలు వెళ్ళొచ్చిన మర్నాడు, ఒక రోజు ఆలస్యంగా విజేతను నొక్కాక, మిగిలినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మీ బొమ్మ మాకు ఫలానా కారణం వల్ల సరిపోలేదు, నేను మీకిచ్చిన అయిదు అబద్ధం, క్షమించండి అని. మూడు రోజులు పట్టింది. సెంటర్ ఆవిడ వెనక నిలబడి చదివి, "గడ్డం బొమ్మ ఆయనకి ఇలా రాస్తున్నారేంటండీ? పాపం, అంత దూరం నుంచి పంపించాడు" అంది.

"అందుకేనండి" అని, తర్వాతి ఉత్తరం మొదలుపెట్టాను.