అప్పగింతలకు గంట ముందే

ఊరూరా తిరిగి పాడేవాడి ప్రేమకథ సినిమాను మందమర్రిలో మ్యాట్నీకి చూశాం, నేనూ నేను ప్రేమించిన పిల్లా. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. చుట్టాలెవరైనా చూస్తారని నాకు ఒక కుర్చీ వదిలి కూర్చుంది. ఆ కుర్చీలో సమోసాల పొట్లం. తెరమీది పాటగాడికి పెద్ద బస్సుంది, నాకు ట్రాలీ ఆటో. మిగతా కష్టాలు ఇంచుమించు ఒకటే.

నేను ఎమ్మే చదివి పెళ్లిళ్లలో అప్పగింతల పాట పాడతాను. పెళ్లికూతురు కారెక్కే ముందు వాళ్లింటివాళ్లను ఏడిపించడం నా పని. ఎంతమంది ఏడిస్తే అంత మంచి పేరు. చదువు వృథా పోలేదు.

సినిమా చివర పాటగాడు కచేరీ వదిలేసి ఆ పిల్ల ఇంటికి పరుగెత్తాడు.

"గట్లొస్తవా నువ్వు?" అంది, తెరవైపే చూస్తూ.

"బస్సుంటే వస్త."

"పరాచికాలొద్దు. దుబాయి సంబంధం వచ్చింది. ఆయనకు నెల రోజులే లీవు. ఆదివారం ఒకాయన మాట్లాడ వస్తడని బాపుకు చెప్పిన. పేరు చెప్పలే. అది నువ్వే వచ్చి చెప్పాలె."

వస్తానన్నాను.

ఆదివారం ఇచ్చోడలో ఒక పెళ్లికి ముందే ఒప్పుకుని ఉన్నాను. తాంబూలం తీసుకుని ఎగ్గొడితే ఆ ముహూర్తాల్లో మళ్లీ ఎవరూ పిలవరు. మధ్యాహ్నానికి పాడేసి, మూడింటికల్లా ఆమె ఇంటికి చేరొచ్చనుకున్నాను. ఎదురుకోళ్ల ఊరేగింపులో పెళ్లికొడుకు దోస్తులు డీజే ఆపక లగ్గం లేటైంది. నాలుగింటికి ఫోన్ చేశాను.

"జర ఆగమని చెప్పు బాపుకు."

"ఆగుడు ఇంట్ల అందరికి అలవాటే," అంది.

నేను పాడేసరికి సాయంత్రమైంది. పెళ్లికూతురి మేనత్త సొమ్మసిల్లింది. ప్రోగ్రాం మంచిగా జరిగినట్టే.

అక్కడ వాళ్ల బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుగూకేదాకా వాకిట్లో కూర్చున్నాడట. తర్వాత లేచి దుబాయి వాళ్లకు మాటిచ్చాడట.

వారానికి ఆయనే నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, నువ్వు పాడితే ఏడ్వనోళ్లు ఉండరంటగద. మా బిడ్డ పెండ్లికి రావాలె. నీ నంబరు బిడ్డనే ఇచ్చింది."

చెప్పాల్సిన మాట ఒకటుంది. దానికి బదులు, ఆ రోజు ఖాళీయే అన్నాను.

గంట ముందే వెళ్లాను. పాడాను. బాపు ఏడ్చాడు, కన్న అవ్వ ఏడ్చింది, వీడియో తీసేవాడు కెమెరా పక్కన పెట్టి ముక్కు తుడుచుకున్నాడు. ఆమె ఒడిబియ్యం జారకుండా కొంగు పట్టుకుని కారు వైపు నడిచింది. నా దగ్గర ఒక్క క్షణం ఆగింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"గీసారి టైముకొచ్చినవ్," అంది.

ఇంకో చరణం మిగిలి ఉంది. అదీ పాడాను.