రిలీవర్ వచ్చేదాకా లేవకూడదు

2022 జూన్‌లో నన్ను మహారాష్ట్ర చంద్రపూర్‌లోని మా నర్సింగ్ స్కూల్లో జపనీస్ బ్యాచ్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను సీనియర్ ట్యూటర్‌ను. స్టాఫ్ నర్సుగా చేరి, వార్డు సిస్టర్‌గా ఏళ్ళ తరబడి కాళ్ళు అరగదీసుకుని, చివరికి పాఠాలు చెప్పే కుర్చీలో కూర్చున్నదాన్ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఇన్‌ఛార్జి అంటే భాష నేర్పడం కాదు. హాజరు తీసుకోవడం, గది తాళం తీయించడం, పుణె నుంచి వచ్చిన జపనీస్ సారుకు వేళకు టీ అందేలా చూడటం. అంతవరకే నా పని అనుకున్నాను.

ఆ బ్యాచ్ సంగతి కొంచెం చెప్పాలి. జపాన్‌లో ముసలివాళ్ళు ఎక్కువ, వాళ్ళను చూసుకునే చేతులు తక్కువ. అందుకని అక్కడి వృద్ధాశ్రమాలు మన నర్సింగ్ పిల్లలను తీసుకుంటున్నాయి. వెళ్ళాలంటే రెండు పరీక్షలు పాసవ్వాలి. ఒకటి పని మీద, ఒకటి భాష మీద. పని పరీక్ష మా పిల్లలకు మంచినీళ్ళ ప్రాయం. భాషకు మాత్రం ఐదు మెట్లున్నాయి. అట్టడుగున ఉండేది ఎన్-ఫైవ్, దాని పైది ఎన్-ఫోర్. వీళ్ళకు కావలసింది ఆ ఎన్-ఫోర్. చేరినవాళ్ళు నర్సింగ్ పూర్తిచేసిన ఏడుగురు. ఏడుగురూ తలా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూనే చదువుకోవాలి.

వాళ్ళలో వనజ ఒకతి. దుర్గాపూర్ కాలరీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఒక జపాన్ ఆశ్రమం వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ చేసి అప్పటికే ఆమెను ఎంపిక చేసుకున్నారు. షరతు ఒక్కటే, డిసెంబరు పరీక్షలో ఎన్-ఫోర్ పాసవ్వాలి. కాకపోతే ఆ కొలువు ఇంకొకరికి పోతుంది.

జపాన్ ఎందుకే అని ఒకరోజు అడిగాను. దాపరికం లేకుండా చెప్పింది. "ఈడ డబల్ డ్యూటీలు చేసి చేసి నడుం పోతుంది సిస్టర్. పేషెంట్ల సుట్టాలు సుతం 'ఏయ్' అని పిలుస్తరు. ఆడ గట్ల పిలవరంట. నాకు గదే కావాలె."

ఆగస్టులో పుణె సారు ఇంకెక్కడో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. పాఠం సగంలో ఉంది. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచి, ఇంకో సారు దొరికే ఆశ లేదు, బ్యాచ్ మూసేద్దామన్నారు. డిసెంబరు దాకా ఉంచండి, నేను నడుపుతానన్నాను. మీకు జపనీస్ వచ్చా అని అడిగారు. రాదు, నేర్చుకుంటానని చెప్పాను. ఆవిడ నా నెరిసిన జుట్టు వైపు చూసి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

నా ధైర్యం ఊరికే వచ్చింది కాదు. నేనూ మరాఠీ బడిలో చదివినదాన్నే. నాకు తెలుగు చదవడం వచ్చిందంటే మా అమ్మ పుణ్యం. రోజూ తెలుగు బైబిల్లో ఒక అధ్యాయం పైకి చదివితే గాని పళ్ళెంలో అన్నం పడేది కాదు. జ్వరమొచ్చినా అంతే, చుట్టాలొచ్చినా అంతే. మొదట్లో కూడబలుక్కుని ఏడ్చేదాన్ని, కొన్నాళ్ళకు ఏడుపు మానేశాను, ఆపైన చదవడం వచ్చేసింది. భాష ఏదైనా దారి ఇదే అని నా నమ్మకం.

కానీ ఏడుగురికి అమ్మలా ఎవరు నిలబడాలి? సారు పోయిన వారానికే గాలి తీసిన ట్యూబులా అయింది క్లాసు. డ్యూటీ ఉందని ఒకతి, తలనొప్పని ఒకతి. వచ్చినవాళ్ళు కూడా జపాన్ అక్షరాల కింద దేవనాగరిలో రాసుకుని అదే చదువుతున్నారు. అక్షరం వైపు కన్నెత్తి చూడటం లేదు. "సెలైన్ మీద ఎన్నాళ్ళు బతుకుతరే? అన్నం తినరా?" అని ఆ కింది రాతలన్నీ చెరిపించాను. ఒక్కొక్కతీ ఏడుపు మొహం పెట్టింది.

ఇంటి దగ్గర చదువుకోండి అంటే జరిగే పని కాదని నాకు తెలుసు. నేను వార్డు మనిషిని. వార్డు నడిచేది ఎవరి పట్టుదల మీదా కాదు, ఒక నియమం మీద. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే నర్సు వచ్చే నర్సును ప్రతి మంచం దగ్గరికీ తీసుకెళ్ళి రోగి సంగతి నోటితో చెప్పాలి. దీన్ని ఓవర్ ఇవ్వడం అంటాం. వచ్చే నర్సు రిలీవర్. రిలీవర్ వచ్చి ఓవర్ తీసుకునేదాకా ముందున్న నర్సు వార్డు వదలకూడదు. పెళ్ళి ఉన్నా, పేరంటం ఉన్నా వదలకూడదు. ఈ ఒక్క నియమం మీద ఆసుపత్రులన్నీ నిలబడి ఉన్నాయి. చదువెందుకు నిలబడదు?

మా స్కూల్లో డెమో రూమ్ ఉంది. అక్కడ మంచం మీద ఒక డమ్మీ పడుకుని ఉంటుంది, బట్టలు మార్చడం, పక్కకు తిప్పడం దాని మీదే నేర్పిస్తాం. ఆ డమ్మీకి పిల్లలు జపాన్ తాత అని పేరు పెట్టారు. ఇకనుంచి జపాన్ తాత ఒంటరిగా ఉండకూడదని ఆర్డరు వేశాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎవరి డ్యూటీని బట్టి వాళ్ళకు ఒక్కో గంట. ఆ గంటసేపు మంచం పక్కన కూర్చుని చదువుకోవాలి. తర్వాతి పిల్ల రాగానే లేచి నిలబడి, తాతకు ఈరోజు ఏమైందో జపనీస్‌లో ఓవర్ ఇవ్వాలి. వచ్చిన పిల్ల అది తిరిగి చెప్పి, తన గంటలో చదివిన మాటలతో కొత్త జబ్బు కలపాలి. రిలీవర్ రాకపోతే లేవకూడదు. పొద్దున మొదటి గంటా, సాయంత్రం చివరి గంటా నావి.

మొదట్లో పిల్లలు పడి పడి నవ్వారు. పాపం తాతకు ఒక్క రోజులో దగ్గు, దద్దుర్లు, మోకాలి నొప్పి, కోడలి మీద కోపం అన్నీ వచ్చేవి. అయినా నోరు తిరిగింది. జపనీస్‌లో కూడా మన తెలుగులోలాగే క్రియ వాక్యం చివరికి వస్తుంది, అందుకని వనజకు మాట తొందరగా పట్టుబడింది. అక్షరాలే ఆమెకు గండం. రోజూ తన గంటలో మొదటి సగం నా హుకుం ప్రకారం అక్షరాలు చూసి పైకి చదవడానికే పోయేది.

సద్దుల బతుకమ్మ నాడు గొలుసు తెగింది. ఆ సాయంత్రం మనీషాకు రిలీవర్ వనజ, వనజకు రిలీవర్ నేను. మనీషా కూడా ఆ ఏడుగురిలో ఒకతి, విసాపూర్ అమ్మాయి, చీకటి పడితే అటు షేర్ ఆటోలు దొరకవు. నేను వెళ్ళేసరికి డెమో రూమ్‌లో మనీషానే కూర్చుని ఉంది. చెప్పులు వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం తెరుచుకుని ఉంది. నేను తీసుకుంటాను, నువ్వెళ్ళమన్నాను. నా రిలీవర్ మీరు కాదు సిస్టర్, వనజ అని మరాఠీలో చెప్పి కదల్లేదు. నేను నేర్పిన నియమం నాకే చెప్పింది.

వనజకు ఫోన్ చేశాను. వెనక చప్పట్లు, పాట వినిపిస్తున్నాయి. మనీషా ఇంకా ఇక్కడే ఉంది అని మాత్రం చెప్పి పెట్టేశాను. పట్టుచీరతోనే ఎవరి బండి మీదో పడుతూ లేస్తూ వచ్చింది. తలలో బంతిపూలు, చేతులకు పసుపు.

"అది బొమ్మనే కద మనీషా! ఇడ్సిపెట్టి పోతే ఏమైతుండె?" అంది తెలుగులో. మనీషాకు తెలుగు అర్థమవుతుంది. మరాఠీలో ఒకే మాట అంది, బొమ్మ దగ్గర కూర్చోలేదు, నీ మాట మీద కూర్చున్నాను అని. ఆ తర్వాత నిలబడి పొల్లుపోకుండా జపనీస్‌లో ఓవర్ ఇచ్చి, బ్యాగు తగిలించుకుని వెళ్ళింది. ఆమెను మా ప్యూన్ బండి మీద ఇంటికి పంపాను. వనజ ఆ చీరతోనే తన గంట పూర్తి చేసింది. ముక్కు ఎగబీలుస్తూనే చదివింది. నేను ఒక్క మాట కూడా తిట్టలేదు, తిట్టాల్సిన అవసరం కనబడలేదు. ఆ రోజు తర్వాత డిసెంబరు దాకా వనజ ఒక్క గంట కూడా తప్పలేదు. మిగతావాళ్ళూ అంతే.

పరీక్ష పుణెలో. నేను కూడా ఫీజు కట్టాను. నా వయసుకు ఆ సర్టిఫికెట్ ఏం చేసుకుంటానని ఇంట్లో వాళ్ళడిగారు. ఏమీ చేసుకోను, కానీ రాయాలని నాకు మహా ఆశగా ఉండేది. లేదంటే అబద్ధమవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం చంద్రపూర్ బస్టాండులో కలుసుకుని, బస్సులో నాగపూర్ వెళ్ళి, సాయంత్రం పుణె రైలు ఎక్కాలని ఏర్పాటు. వనజకు సెలవివ్వలేదు. ఉదయం డ్యూటీ చేసి, రిలీవర్ రాగానే నేరుగా బస్టాండుకు వస్తానంది.

బస్సు కదిలే వేళకు ఫోన్ వచ్చింది. "రిలీవర్ రాలె సిస్టర్. ఫోన్ గూడ కలుస్తలేదు. ఈడ ఆక్సిజన్ మీద ఒక తాత ఉన్నడు. నేను ఎట్ల వస్త? మీరు పోండ్రి."

గొంతులో ఏడుపు లేదు. ఆ రాని మనిషి మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మెల్లగా జారుకుని వచ్చెయ్యవే అని ఇంకెవరైనా చెప్పేవాళ్ళేమో. నా నోట ఆ మాట రాదు. ముప్పై ఏళ్ళుగా వార్డులోనూ క్లాసులోనూ ఆ మాట అనొద్దనే చెప్పాను. పిల్లలను మనీషాకు అప్పజెప్పి బస్సు దిగి ఆటో ఎక్కాను. దారిలో ఆ ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాను. రిజిస్టర్డ్ నర్సు తప్ప ఇంకెవరూ ఓవర్ తీసుకోకూడదు, ఆ రిజిస్ట్రేషన్ నాకింకా ఉంది.

వార్డులోకి వెళ్ళి చేతులు కడుక్కుని, "ఓవర్ ఇయ్యి" అన్నాను. వనజ నన్ను మొదటి మంచం దగ్గరికి తీసుకెళ్ళి మొదలుపెట్టింది. కంగారులో అది జపనీస్‌లో వస్తోందని ఆమెకే తెలియలేదు. ఊపిరి పొద్దుటి కంటే నయంగా ఉందని, గంజి సగం తాగాడని, వీపు కింద ఎర్రబడిందని, గంటగంటకూ పక్కకు తిప్పాలని. ఎక్కడా తడుముకోలేదు. నాకూ ప్రతి మాటా అర్థమైంది. ఆపాలన్న సంగతి కాసేపు మర్చిపోయి వింటూ నిలబడ్డాను.

ఆపినవాడు మంచం మీది తాతే. కాలరీలో పనిచేసి రిటైరైన మనిషి. మాస్కు పక్కకు లాగి, "ఏందమ్మా, నా గురించి నాకు తెల్వని భాషల మాట్లాడుకుంటున్రు? ఉంటనా, పోతనా? సక్కగ చెప్పుండ్రి" అన్నాడు.

వనజ నాలుక కరుచుకుంది. "ఇది డెమో రూమ్ కాదు. తెలుగుల చెప్పు" అన్నాను. తాతకు వినబడేలా తెలుగులో మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మిగతా మంచాల దగ్గర మరాఠీలో చెప్పింది. అన్నీ అయ్యాక బ్యాగు తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"మరి మీ పరీక్ష, సిస్టర్?"

"నా పరీక్ష జూలైల మళ్ళొస్తది. నీ కొలువు రాదు. ఉరుకు!"

తర్వాతి బస్సు పట్టుకుని నాగపూర్‌లో రైలు అందుకుంది. నేను చీకటి పడేదాకా ఆ వార్డులో ఉన్నాను. దారిలో సిగ్నల్ లేని చోట బస్సు చెడిపోయి ఇరుక్కుపోయిన రిలీవర్ అప్పటికి వచ్చింది. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఆమె చెమట మొహం చూసి మింగేసి, ఓవర్ ఇచ్చి ఇంటికెళ్ళాను.

ఫలితాల్లో వనజ పాసయింది, మనీషా పాసయింది. తప్పినవాళ్ళు మళ్ళీ డెమో రూమ్‌లో తాత పక్కన కూర్చున్నారు. వాళ్ళతోపాటు నేనూ కూర్చున్నాను. జూలైలో రాసి ఎన్-ఫోర్ పాసయ్యాను. ప్రిన్సిపాల్ మేడమ్ ఈసారి నవ్వలేదు, తర్వాతి బ్యాచ్ కూడా నన్నే చూడమన్నారు. జపాన్ వెళ్ళిన వనజ మొదటి వారమే ఫోన్ చేసి, "ఈడ గూడ గంతే సిస్టర్. రిలీవర్ వచ్చేదాక ఒక్కరు కదలరు. పేరు ఎనక 'సాన్' అని పెట్టి గౌరవంగ పిలుస్తుండ్రు" అని చెప్పింది.

రిటైరయ్యాక కూడా నా చదువు ఆగలేదు. ఇప్పుడు ఎన్-త్రీ పుస్తకం మీద ఉన్నాను. రోజూ చదవడానికి అంత పట్టుదల ఎక్కడిదని చాలామంది అడుగుతారు. పట్టుదల ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నా గంట పూర్తయ్యే వేళకు అక్కడ డ్యూటీ దిగిన వనజ ఫోన్ చేసి నా దగ్గర ఓవర్ తీసుకుంటుంది, ఆ వేళకు నా దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉండి తీరాలి. జపనీస్ నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: పుస్తకం తర్వాత కొనుక్కోవచ్చు, ముందు రిలీవర్‌ను చూసుకోండి.