బాలేదట

ఈ ఉదయం జూబ్లీహిల్స్ పార్కులో నాతోపాటు నడిచే ఒక పెద్దమనిషి, ఇవాళే విడుదలవుతున్న సినిమా గురించి "బాలేదటండీ" అన్నాడు. అప్పటికి ఊళ్ళో ఎక్కడా మొదటి ఆట పడనేలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. కాఫీ తాగినా మంట తగ్గలేదు.

మా బావ, అంటే అక్క భర్త, ఏళ్ళ తరబడి ఎవరెవరి దగ్గరో కో-డైరెక్టర్‌గా చేసి, చివరికి ఒక్క సినిమా సొంతంగా తీశాడు. అది ఆడితేనే రెండోది ఇస్తానని నిర్మాత ముందే చెప్పాడు. విడుదల రోజు బావ థియేటర్‌కి వెళ్ళాడు. యూసుఫ్‌గూడలో వాళ్ళింట్లో మేమంతా టిఫిన్ ముట్టకుండా కూర్చున్నాం. అక్క అత్తగారు మాత్రం గుడికెళ్ళొచ్చి, కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతోంది. అల్లం, పచ్చిమిర్చి నూరి ఆవిడ ఆ కూర చేస్తే వీధి చివరిదాకా వాసన వచ్చేది. ఆ రోజు దాన్ని ఎవరూ తినలేదు.

ఇంతలో పక్కింటాయన గుమ్మంలోకి వచ్చి, పరామర్శకొచ్చిన మొహం పెట్టి, "పిక్చర్ మంచిగ లేదంట గదమ్మా" అన్నాడు.

"మీరు చూశారా అన్నయ్యగారూ?" అంది అక్క.

"నేనేడ చూసిన? బయట అందరు గదే అంటున్రు. సెకండాఫ్ మస్తు సాగదీసిండంట. జనం లేచి పోతున్రంట."

మొదటి ఆటకి ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదు! మేం కోస్తావాళ్ళం 'అట' అంటాం, ఇక్కడివాళ్ళు 'అంట' అంటారు. గొంతు కోయడంలో మాత్రం తేడా లేదు. ఎవరన్నారో చెప్పమని అక్క నిలదీస్తే నసిగి నసిగి, "మీ అత్తమ్మనే అన్నదంట, గుడి కాడ" అన్నాడు.

అత్తగారి చెయ్యి ఆగిపోయింది. "బాగా వచ్చిందా అని అడిగారే అమ్మాయ్. దిష్టి తగులుతుందని 'ఏమో, బాలేదట' అన్నాను. కన్నతల్లిని, బాగుందని నా నోటితో ఎలా చెప్పుకుంటాను?"

కొడుకు చదువైనా, కోడలి చక్కదనమైనా ఆవిడ ఎప్పుడూ అలా తగ్గించే చెప్పేది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ ఒక్క మాటకి సెకండాఫ్ అతికించినవాళ్ళ మీద, కూర్చున్న జనాన్ని లేపి పంపించినవాళ్ళ మీద ఉంది, ఇప్పటికీ ఉంది. ఒక ముసలావిడ మాటకే సినిమా పోతుందా అంటారేమో. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల పోతుంది. ఇక్కడ ఇంటికొకరు సినిమాల్లో పనిచేస్తారు. 'డైరెక్టర్ ఇంట్లోవాళ్ళే అన్నారట' అంటూ ఆ మాట సాయంత్రానికి నిర్మాత ఆఫీసుకే చేరింది. సోమవారానికల్లా సినిమా ఎత్తేశారు. రెండోది ఇవ్వలేదు. బావ మళ్ళీ ఇంకొకరి దగ్గర కో-డైరెక్టర్‌గా చేరాడు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ మళ్ళీ సినిమా మాటెత్తలేదు.

ఇన్నేళ్ళకి మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. నేను అక్కవాళ్ళింట్లోనే ఉన్నాను. అదే పక్కింటాయన నవ్వుకుంటూ వచ్చి, "గింత మంచిగ తీసినవ్, అప్పుడెందుకు నడవలేదన్నా?" అన్నాడు. బావ ఆయనకి కుర్చీ వేశాడు. నాకైతే ఆ కుర్చీ లాగేయాలనిపించింది. సినిమాకేం, ఎన్నేళ్ళకైనా ఎవరో ఒకరు చూస్తారు. ఇంకొకటి తీసే వయసు మాత్రం మా బావకి మళ్ళీ రాదు.