నా కూతురు తెలుగులో అడిగింది

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పోయినేడాది నా కూతురు సెల్వి ‘అఫెక్ట్’కూ ‘ఎఫెక్ట్’కూ తేడా అడిగింది. తెలియదనడానికి నామోషీ అనిపించి, రెండూ ఒకటేనన్నాను. పిల్ల అదే మాట మీద బడిలో టీచరుతో వాదించింది. నన్ను పిలిపించారు.

“మీరే చెప్పారట, నిజమేనా సార్?” టీచరు తమిళంలో అడిగింది.

“నేనా? అబద్ధం మేడం” అన్నాను తమిళంలోనే.

సెల్వి నా చొక్కా పట్టుకుని, “నువ్వేగదా నాయినా సెప్తివి?” అంది మెల్లగా, మన తెలుగులో. తెలుగు రాని టీచరు ముందు నా పరువు పోకూడదని అలా అడిగింది. నేను వినిపించుకోలేదు. చెయ్యని తప్పుకు అది చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పింది.

మర్నాడు వెళ్లి టీచరుకు నిజం చెప్పాను. కానీ సెల్వి మళ్లీ నన్ను ఏ మాటకూ అర్థం అడగలేదు.