టీచర్ గారి కారు కిందికి దిగిన వైనం

ఇది పల్నాడు నుంచి రాస్తున్న వీరగాథ. ఇందులో ఒక వీరనారి ఉంది, ఒక వాహనం ఉంది, కోటగుమ్మం లాంటి గేటు ఉంది, గద్దె కోసం కాచుకున్న మరిది కూడా ఉన్నాడు. వారానికి రెండుసార్లు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వాసన కారులోకి రాగానే నేను స్టీరింగు గట్టిగా పట్టుకుంటాను. తర్వాత వచ్చే స్పీడు బ్రేకరు మీద కారు పొట్ట రోడ్డుకి రాసుకుని గర్రుమంటుంది. వంద గిన్నెలు ఒకేసారి తోమినట్టుండే ఆ చప్పుడుకి పళ్ళు జిల్లుమంటాయి, ఆ వెంటనే ఈ గాథంతా మొదటి నుంచీ గుర్తొస్తుంది.

నిజానికి వీరగాథేమీ కాదు. కత్తుల్లేవు, కోడిపుంజుల్లేవు. గురజాలలో ఒక రిటైర్డు లెక్కల టీచరు తన పాత కారుని నాలుగు వేళ్ళ మేర కిందికి దించిన సంగతి, అంతే. పల్నాడు అనగానే పెద్దగా ఆశపడి ఉంటే క్షమించాలి.

సువార్త టీచర్ దగ్గర నేను ఎనిమిదో తరగతి చదివాను. తెల్ల చీర, నల్ల గొడుగు, నవ్వని ముఖం. ఆవిడ క్లాసుకి ఒక పద్ధతి ఉండేది. చెప్పులు గది బయట విడవాలి, అదీ బయటికి ముఖం పెట్టి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు విడిస్తే వెనక్కి పంపి సరిచేయించేవారు. "లోపలికి వచ్చేటప్పుడు తీరిక ఉంటది. బయటికి పోయేటప్పుడు ఉంటదో లేదో ఎవరికి తెలుసు," అనేవారు. క్లాసుకి జోకర్ని నేనే కనక ఒకరోజు లేచి నిలబడ్డాను. "టీచర్, భూకంపం వస్తే చెప్పులు యాడ తొడుక్కుంటాం, వదిలేసి ఉరకమూ?" క్లాసంతా పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. కాసేపు ఆలోచించి, "పదికి ఆరు. ఇంకొంచెం చిన్నగా చెప్పుంటే ఎనిమిది ఏసేదాన్ని. ఇప్పుడు బోర్డు దగ్గరికి రా," అన్నారు. జోకుకి మార్కులేసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు నుంచి ఆవిడ దగ్గర పదికి పది తెచ్చుకోవాలన్నదే నా చదువైంది. లెక్కల్లో అయితే ఆ ఆశ ఎప్పుడూ లేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. టీచర్ రిటైరయ్యారు. నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం తప్ప మిగతావన్నీ వెతుక్కుంటూ, వాళ్ళ వీధిలోనే సెల్‌ఫోన్లో కార్ల వీడియోలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆవిడ భర్త, మా డ్రిల్లు సార్, ఒకప్పుడు విజిలు ఊదితే గ్రౌండు మొత్తం నిటారుగా నిలబడేది. ఆ మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నరసరావుపేట తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. సార్‌కి కారు నడపడం రాదు. టీచర్‌కీ రాదు. ఒకరోజు వీధిలోకి ఒక పాత చిన్న కారు వచ్చి, సార్ వాళ్ళ గేటు ముందు ఆగి, వెనక్కి తిరిగి, ఒక్క దెబ్బలో లోపలికి పోయింది. డ్రైవరు సీట్లోంచి తెల్ల చీర దిగింది. వీధి వీధంతా అట్లాగే నిలబడిపోయింది. రిటైరైన మనిషి ఎవరికీ చెప్పకుండా పిడుగురాళ్ళలో డ్రైవింగు నేర్చుకొచ్చారని తర్వాత తెలిసింది. రోజూ కారు వెనక్కే పెట్టేవారు, బయటికి ముఖం ఉండేట్టు. చెప్పుల సంగతి నాకు అప్పుడైనా గుర్తుకు రావాల్సింది. రాలేదు.

మందుల ఖర్చుకి ఆసరాగా మేడ మీది గది అద్దెకిద్దామని బయటి నుంచి మెట్లు కట్టించారు. ముంగిలి చిన్నది. మెట్లు మలుపు తిరిగేచోట వేసే స్లాబు, అదే ల్యాండింగు, కారు తోక మీదికి వస్తుంది. తోక దాని కిందికి దూరితేనే ముందు గేటు పడుతుంది. మేస్త్రీ జాగ్రత్తగా కారు ఎత్తు కొలిచి, పైన జానెడు వదలక్కర్లేదు, బెత్తెడు చాలని స్లాబు పోశాడు. కొలత తప్పు కాదు. కొలిచిన రోజే తప్పు. మెట్లకి పరిచే మాచర్ల బండల్ని లారీ కిరాయి దండగని టీచర్ తన కారులోనే తెచ్చారు. దించడానికి చోటు లేక అవి కారులోనే ఉన్నాయి. అంటే మేస్త్రీ కొలిచింది రాళ్ళ బరువుకి కుంగి కూర్చున్న కారుని. స్లాబు ఆరింది, బండలు మెట్లెక్కాయి, బరువు దిగిన కారు లేచి నిలబడింది. టీచర్ వెనక్కి తీస్తే తోక వెళ్ళి ల్యాండింగు అంచుకి టక్కున కొట్టుకుంది. మేస్త్రీ టేపు తీసి మళ్ళీ కొలిచాడు, టేపు వైపు చూశాడు, కారు వైపు చూశాడు. "అమ్మా, మీ కారు పెరిగిందమ్మా," అన్నాడు.

నవ్వుదామంటే నవ్వొచ్చే పరిస్థితి కాదు. కారు ముక్కు వీధిలో ఉంటే ఎదురుగా ఉన్న మిర్చి గోడౌనుకి లారీలు పోవు. రోజూ హారన్లు, రోజూ గొడవ. సార్ తమ్ముడు కరుణాకర్ గారు ఇదే అదనుగా బేరం కూడా తెచ్చారు.

"ఏంది వదినా ఈ వయసులో నీకీ తిప్పలు. కారు అమ్మేద్దాం. వారానికి రెండుసార్లేగా, ఆటో మాట్లాడదాం."

"అర్జెంటైతే?"

"ఫోన్ కొడితే వచ్చిద్ది."

"రాకపోతే?"

ఆయన లేచారు. ఆదివారానికల్లా గేటు పడకపోతే సోమవారం బేరగాణ్ణి తీసుకొస్తానని మాత్రం చెప్పి వెళ్ళారు. ఆ ఇంట్లో ఆయన మాటకి బలముంది, మెట్లు కట్టడానికి డబ్బు సర్దింది ఆయనే.

ఆ సాయంత్రం టీచర్ నన్ను పిలిచారు. నేను గడప బయట చెప్పులు విడిచి లోపలికి పోయాను. "ఒరేయ్ ప్రసాదూ, కుర్రోళ్ళు కార్లని నేలకి అంటుకునేట్టు దించుతారే, ఆ వీడియోలు నువ్వు చూస్తా ఉంటావుగా. మన కారుని అట్టా దించాలి."

జీవితంలో ఒక్కసారైనా ఎవరో నన్ను అడుగుతారని ఎదురుచూసిన ప్రశ్న అది. అడిగింది మాత్రం బైబిలు సంచీ చంకన పెట్టుకుని ప్రార్థనకి బయలుదేరుతున్న మనిషి. "టీచర్, దానికి పొట్టి స్ప్రింగులు కావాలి. కొత్తవి మనం కొనలేం," అన్నాను. ఉన్న స్ప్రింగుల్నే ఒక చుట్టు కోసేస్తే పైసా ఖర్చు లేదని కూడా చెప్పాను. అట్లా చేస్తే కారు అదుపు తప్పుతుందని, సార్ నడుముకి ప్రతి గుంటా తెలుస్తుందని దాచలేదు. "కొయ్యొద్దు. ఇంకోటి చూడు," అన్నారు. ఇంకోటి ఏముంటుంది. మా కార్ల పిచ్చోళ్ళ వాట్సాప్ గ్రూపులో అదే మోడలుకి పొట్టి స్ప్రింగులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని పెట్టాను. ఎవరికని అడిగితే "మా టీచర్‌కి" అన్నాను. గ్రూపంతా నవ్వే బొమ్మలతో నిండిపోయింది. ఆ బొమ్మల మధ్యలో ఒక్కడు మాత్రం ఏడుస్తున్న బొమ్మ పెట్టాడు.

వాడిది నరసరావుపేట. అదే మోడలు, వాళ్ళ నాన్నది. నాన్న ఊళ్ళో లేనప్పుడు దించేశాడు, పాత స్ప్రింగులు పాతసామాన్లకి వేసేశాడు. నాన్న తిరిగొచ్చి కారులో కూర్చుంటూ నేల మీద కూర్చున్నంత పనైందట. వాడికి మామూలు స్ప్రింగులు కావాలి, మాకు పొట్టివి. ఇటువి అటు, అటువి ఇటు. శనివారం నాడు మా ఊరి బాజీ మెకానిక్ షెడ్డులో రెండు కార్లూ పక్కపక్కన జాకీల మీద లేచాయి. చిరుగుల ప్యాంటు వేసుకున్న వాడు ఒక పక్క, వాడి తండ్రి ఒక పక్క, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో తెల్ల చీరలో టీచర్.

తండ్రి ఆవిణ్ణి చూసి కొడుకుతో, "చూడరా. పెద్దావిడ పద్ధతిగా కారు బాగుచేయించుకోటానికి వచ్చింది. నువ్వూ ఉన్నావు," అన్నాడు.

బాజీ పానా పక్కన పెట్టి, "లేదు సార్. మీ వాడి స్ప్రింగులు ఆయమ్మకే," అన్నాడు.

ఆ తండ్రి ముఖం నేను ఈ జన్మలో మర్చిపోను. కాసేపటికి తేరుకుని, "మీకెందుకమ్మా ఇది?" అని అడిగాడు.

"స్టైలు కోసం," అన్నారు టీచర్.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ అంత చిన్నగా చెప్పారు. పదికి పది అంటే ఏమిటో నాకు ఆ షెడ్డులో తెలిసింది.

బిగించాక టీచర్ సార్‌ని కూర్చోబెట్టి బస్టాండు చుట్టూ ఒకసారి తిప్పారు. "ఎట్టా ఉంది?" అని అడిగారు. "చిన్నప్పుడు ఎడ్లబండి ఎక్కినట్టుంది. తట్టుకోగలను," అన్నారు సార్. ఆ మాట వినేదాకా ఆవిడ పాత స్ప్రింగుల్ని వాళ్ళ చేతికి ఇవ్వలేదు. ఆదివారం పొద్దున చర్చికి పోయేముందు కరుణాకర్ గారు వీధిలో చేతులు కట్టుకుని నిలబడి ఉండగా, టీచర్ కారుని వెనక్కి తీశారు. తోక ల్యాండింగు కిందికి పోయింది. ఆ సందులో వేలు పెడితే వేలు పడుతుంది, ఉంగరం ఉంటే పట్టదు. ఆవిడ దిగి, గేటు మూసి, గడియ పెట్టి, "కాఫీ తాగుతావా కరుణాకర్?" అన్నారు. ఆయనకి తాగక తప్పలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. నెల తర్వాత నేను కారుని బాజీ దగ్గర గ్రీజు పెట్టించి తెచ్చాను. బద్ధకమేసి వెనక్కి తిప్పకుండా నేరుగా లోపలికి పోనిచ్చాను. కారు ముందుభాగం ల్యాండింగు కిందికి హాయిగా దూరింది. బానెట్టుకి, స్లాబుకి మధ్య పిల్లి పడుకునేంత చోటు మిగిలింది. వెనక గేటుకీ అడ్డం లేదు. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. స్ప్రింగులు అక్కర్లేదు. బాజీ అక్కర్లేదు, నరసరావుపేట అక్కర్లేదు. మేస్త్రీ, మరిది, నేను, వాట్సాప్ గ్రూపు, ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. వంటింట్లోకి పరిగెత్తాను.

"టీచర్, ముక్కు ముందు పెట్టి పోనిస్తే ఊరికే పట్టుద్ది. పాత స్ప్రింగులతో కూడా పట్టేది."

"తెలుసు," అన్నారు, బియ్యం కడుగుతూ.

"ఎప్పట్నించి?"

"స్లాబు పోసిన రోజు నించి."

"మరి ఇదంతా ఏంది టీచర్?"

ఆవిడ చేతులు తుడుచుకుని గడప వైపు చూపించారు. "చెప్పులు ఎటు పెట్టి వచ్చావు?"

కంగారులో కూడా బయటికే పెట్టాను.

"అది చాలు. పోయి కారు సరిగ్గా పెట్టు."

ఇంకో వివరణ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని రెండు నెలల తర్వాత ఒక ఆదివారం తీర్చేసింది. చర్చి మైకులో పాటలు మొదలయ్యే వేళకి సార్‌కి ఊపిరి ఆడలేదు. ఛాతీలో నీరు. నేను వీధిలోకి వచ్చేసరికి గోడౌను ముందు మిర్చి లారీ ఉంది. దాని పక్కన వెనక్కి తిప్పుకునేంత చోటు లేదు, కారు నేరుగా బయటపడేంత చోటు ఉంది. నేను సార్‌ని వెనక సీట్లో కూర్చోబెట్టి పట్టుకున్నాను, టీచర్ స్టీరింగు ముందు కూర్చున్నారు. గేటు తెరవడం, కారు వీధి దాటడం ఒకే ఊపులో జరిగాయి. నరసరావుపేట దాకా ఒక్క స్పీడు బ్రేకరుని కూడా వదల్లేదు, పొట్ట రాసుకుంటూనే పోయాం. ఆటోకి ఫోన్ చేసి ఉంటే ఆ సమయానికి ఆ ఫోన్ ఇంకా మోగుతూ ఉండేదేమో. ఊపిరి దారికొచ్చాక సార్ అన్న మొదటి మాట, "ఎన్ని బ్రేకర్లో నా నడుముని అడగండి." టీచర్ నా వైపు తిరిగి, "మాట్లాడుతున్నారు. బాగానే ఉన్నట్టే," అన్నారు. ఆ మాటన్నాకే లేచి వెళ్ళి, కారుని వెనక్కి తిప్పి పెట్టి వచ్చారు.

మేమందరం సార్ గురించి భయపడుతూ, లోలోపల సిద్ధపడుతూ బతికాం. నిరుడు వేసవిలో ఒక మధ్యాహ్నం టీచర్ అన్నం వార్చి, విసనకర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. కబురు విని పరిగెత్తుకొచ్చాను. గుండెపోటు. ఆవిడ గుండె గురించి ఎవరమూ ఆలోచించలేదు, ఆవిడకి గుండె ఉందని కూడా మర్చిపోయాం. గడప బయట ఆవిడ చెప్పులు బయటికి చూస్తూ ఉన్నాయి. ఇలాంటి చోట నాకెప్పుడూ ఏదో ఒక మాట తడుతుంది. ఆ రోజు తట్టలేదు. సున్నా మార్కులు.

దినం అయ్యాక కరుణాకర్ గారు మళ్ళీ కారు మాట ఎత్తారు. నడిపే మనిషే లేనప్పుడు ఎందుకన్నారు. సార్ గోడకి చేరబడి, "ఈడున్నాడుగా," అన్నారు. నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఫోన్ల షాపులో పని చేస్తున్నాను. డయాలసిస్ రోజుల్లో మాత్రం ఒంటిపూట పని. సార్‌ని పొద్దున్నే తీసుకొచ్చి, మధ్యాహ్నం ఇంటికి చేరుస్తాను. బ్రేకరు మీద కారు గర్రుమంటే ఆయన కళ్ళు తెరవకుండానే, "మీ టీచర్ పలికింది," అంటారు. నేను ఆ మాటకి పదికి తొమ్మిది వేస్తాను, ఒకటి నడుము నొప్పికి తగ్గించి. షాపు ముందు, ఆస్పత్రి ముందు, గురజాలలో ఆ ల్యాండింగు కింద, ఎక్కడైనా సరే, కారు వెనక్కే పెడతాను. మెట్లకి పోగా మిగిలిన ఒక మాచర్ల బండ ముక్క డిక్కీలోనే ఉంటుంది. ఆవిడ గుర్తుగా దాచుకున్నానని సార్ అనుకుంటారు. కారు మరీ కిందికి ఉండటం వల్ల జాకీ దూరదు. పంక్చరైతే మొదట ఆ చక్రాన్ని ఈ బండ మీదికి ఎక్కిస్తేనే జాకీ కిందికి పోతుంది.